కార్టోఫెల్‌మెల్ అంటే బంగాళాదుంప పిండి కాదు

నిన్న రాత్రి నా అనువాదం ఒకటి దిద్దుబాట్లతో తిరిగొచ్చింది. కట్టెబొగ్గు పొడితో బ్రికెట్లు, అంటే పొయ్యిలో కాల్చే బొగ్గు ముద్దలు, ఎలా చేసుకోవాలో చెప్పే చిన్న పుస్తకం, డేనిష్ నుంచి తెలుగులోకి. మూలంలో ఉన్న మాట కార్టోఫెల్‌మెల్. దానికి నేను "బంగాళాదుంప గంజిపొడి" (స్టార్చ్) అని రాసిన పదకొండు చోట్లా సంపాదకులు "బంగాళాదుంప పిండి" అని మార్చేశారు. ఎందుకండీ అంటే నిఘంటువు చూపించారు. కార్టోఫెల్ అంటే బంగాళాదుంప, మెల్ అంటే పిండి. మక్కికి మక్కి చూస్తే వాళ్లదే రైటు.

కానీ డెన్మార్క్‌లో ఏ కొట్టుకెళ్లి కార్టోఫెల్‌మెల్ అడిగినా దుంపను ఎండబెట్టి ఆడించిన పిండి ఇవ్వరు. దుంపను తురిమి, కడిగి, పీచు తీసేసి, నీళ్ల అడుగున పేరుకున్న తెల్లటి పదార్థాన్ని ఆరబెడితే వచ్చేది అది. వేళ్ల మధ్య నొక్కితే కిర్రుమంటుంది. ఇక్కడ మాంసం పులుసును దాంతోనూ చిక్కబరుస్తారు, ఎర్ర బెర్రీలతో చేసే రోడ్‌గ్రోడ్ అనే తీపి వంటకాన్నీ దాంతో చిక్కబరుస్తారు. మన ఇళ్లలో మంచూరియాలో వేసే కార్న్‌ఫ్లోరూ ఇంతే కదా! పేరులో పిండి ఉంది, డబ్బాలో ఉన్నది గంజిపొడి. దాని బదులు మొక్కజొన్న రొట్టెల పిండి వేస్తే ఏమవుతుందో వంట చేసే ఎవరినడిగినా చెప్తారు.

బొగ్గుపొడికి తనంతట తానుగా పట్టు ఉండదు. ఎంత గట్టిగా నొక్కినా ఆరాక రాలిపోతుంది. ఈ పుస్తకం ఒప్పుకున్నాక నేనే చేసి చూశాను. గంజిపొడిని చన్నీళ్లలో కలిపితే పాలలా ఉంది, కాసేపు వదిలేస్తే అడుక్కి దిగిపోయింది. దాన్ని బొగ్గులో కలిపితే లాభం లేదు. అదే సన్నటి సెగ మీద తిప్పుతూ ఉంటే, అరవై డిగ్రీలు దాటాక రేణువులు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి. గరిటె బరువెక్కుతుంది, తెలుపు పోయి అద్దంలా మెరుస్తుంది. ఆ వేడి గంజిలో కలిపిన బొగ్గు ముద్దకట్టింది. రెండు రోజులు ఆరాక కిందపడేసినా పగల్లేదు.

"బంగాళాదుంప పిండి" అని చదివినావిడ ఏం చేస్తుంది? దుంపలు ఎండబెట్టి మరపట్టిస్తుంది. పీచుతో సహా పోస్తుంది. అదే కొలతకు అంత పట్టు రాదు. ఖర్చు ఆవిడది, శ్రమ ఆవిడది. నాకు బాధంతా అక్కడే.

ఇంకో మాట. డేనిష్‌లో గంజిపదార్థాన్ని స్టివెల్సె అంటారు. స్టివ్ అంటే బిర్రుగా ఉండటం. బట్టలకు గంజి పెట్టడానికీ ఇదే ధాతువు. పడుగుకు గంజి పట్టించే నేతపని, ఆరేసిన నూలుచీర బిర్రుదనం తెలిసిన భాష మనది. ఇంత దగ్గరగా కుదిరే మాట చేతిలో ఉండగా "బంధక పదార్థం" అని ఎందుకు రాయాలి? అది కూడా దిద్దుబాటులో వచ్చిందే. పోనీ జిగురు అందామా అంటే కుదరదు. ఈ నిప్పుల మీద తిండి కాలుస్తారు. అందుకే బార్బెక్యూ బొగ్గుకు యూరప్ పెట్టుకున్న ప్రమాణం ఈఎన్ 1860-2 కూడా బ్రికెట్లలో కలిపేది తినదగిన రకమై ఉండాలంటుంది. జిగురు అంటే జనానికి గుర్తొచ్చేది ఫెవికాల్.

ట్రెకుల్‌ని కట్టెబొగ్గు అన్నాను, స్టేన్‌కుల్‌ని రాక్షసిబొగ్గు అన్నాను. వాటికెవరూ అడ్డు చెప్పలేదు. గంజి దగ్గరే వచ్చింది నామోషీ.

పొద్దున జవాబు రాశాను. ఆ పదకొండు చోట్లా గంజిపొడి తిరిగి రావాలి, "ఉడికించి కలపండి" అనే వాక్యం పక్కనే ఉండాలి. లేదంటే అనువాదకురాలిగా నా పేరు తీసేయండి.