ఎస్25 అల్ట్రాకి అసలు పోటీ ఐఫోన్ కాదు

ముందే చెప్పేస్తున్నాను, శాంసంగ్ గెలాక్సీ ఎస్25 అల్ట్రా మంచి ఫోన్. ఈ మాట చివర్లో చెప్తే సగం చదివి తిట్టేసి పోయేవాళ్ళుంటారు, అందుకని. నా గొడవ ఫోన్‌తో కాదు. వచ్చినప్పటి దాని 1,29,999 రూపాయల ధరతో, ఆ ధరని సమర్థించడానికి మనవాళ్ళు పడే ఆయాసంతో.

2025 జనవరిలో ఇది వచ్చినప్పటి నుంచి ఎక్కడ చూసినా ఒకటే పంచాయితీ. ఎస్25 అల్ట్రానా, ఐఫోన్ 16 ప్రో మ్యాక్సా? మధ్యలో వన్‌ప్లస్ 13 వాళ్ళు దూరతారు. వివో ఎక్స్200 ప్రో కొన్నవాళ్ళు ఏమీ మాట్లాడకుండా జూమ్ ఫొటోలు పెట్టి ఊరుకుంటారు. గూగుల్ పిక్సెల్ 9 ప్రో ఎక్స్‌ఎల్ వాడేవాళ్ళు నలుగురే ఉంటారు గానీ నలభై మందికి సరిపడా వాదిస్తారు. ఈ గోలలో ఎవరికీ గుర్తురాని పోటీదారు ఒకటుంది. శాంసంగ్ వాళ్ళదే, అంతకుముందు ఏడాది వచ్చిన ఎస్24 అల్ట్రా.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మెయిన్ కెమెరా రెండింట్లోనూ 200 మెగాపిక్సెల్. 5ఎక్స్ జూమ్ రెండింట్లోనూ 50. 3ఎక్స్ రెండింట్లోనూ 10 మెగాపిక్సెలే, అది 2021లో ఎస్21 అల్ట్రా నాటి నుంచి నడుస్తున్న సంగతి. బ్యాటరీ 5000 ఎంఏహెచ్, ఛార్జింగ్ 45 వాట్లు. ఇవే అంకెలు 2020లో వచ్చిన ఎస్20 అల్ట్రాలోనూ ఉన్నాయి. ఈలోగా ఫోన్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. బ్యాటరీ మాత్రం ఉన్నచోటే ఉంది. ఛార్జర్ అయితే డబ్బాలోంచే మాయమైంది. (జీఎస్టీ అన్నాను కాబట్టి, ఈ 1,29,999లో పన్నే దాదాపు 19,800. ఆ డబ్బుతో ఇంట్లో ఇంకొకరికి ఫోన్ వస్తుంది.)

మరి కొత్తగా ఏమిచ్చారు? స్నాప్‌డ్రాగన్ 8 ఎలీట్ చిప్, నిజంగానే గుర్రం. ఎక్కువ వెడల్పు పట్టే అల్ట్రావైడ్ కెమెరా 12 నుంచి 50 మెగాపిక్సెల్‌కి వచ్చింది, ఇది కూడా మంచి మార్పే. బరువు 232 గ్రాముల నుంచి 218కి దిగింది, అరచేతిలో గుచ్చుకునే మూలలు గుండ్రంగా అయ్యాయి. పాతది చేతిలో పట్టుకుని రాత్రిపూట గంటసేపు చదివేవాళ్ళకి ఆ మూలల బాధ తెలుసు. ఒప్పుకుంటాను.

కానీ ఇచ్చినట్టే ఇచ్చి ఒకటి లాగేసుకున్నారు. ఫోన్‌లోనే దాగి ఉండే ఎస్ పెన్‌లో బ్లూటూత్ తీసేశారు. ఎస్24 అల్ట్రాతో కుటుంబమంతా గుడి మెట్ల మీద నిలబడి, ఫోన్‌ని ఎదురుగా కారు బానెట్ మీద వాటర్ బాటిల్‌కి ఆనించి, పెన్ను బటన్ నొక్కితే ఫొటో పడుతుంది. ఎస్25 అల్ట్రాతో ఆ పని జరగదు, ఫోన్ వైపు అరచెయ్యి చూపించి అది గమనించేదాకా నిలబడాలి. వెనక వరసలో ఉన్న పెద్దాయన "ఎవర్ని పిలుస్తున్నావురా" అని అడుగుతాడు. పెన్నుందనే అల్ట్రా కొనేవాళ్ళ దగ్గర పెన్నులోనే కోత పెట్టారు. ధర తగ్గించారా అంటే రూపాయి తగ్గలేదు.

ఇక బయటి పోటీ సంగతి. ఐఫోన్ 16 ప్రో మ్యాక్స్ వచ్చినప్పుడు 1,44,900. వీడియో విషయంలో దానికి తిరుగులేదు, రీల్స్ చేసుకునేవాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేసి అది కొనుక్కోవచ్చు. పాతదై అమ్మినా మంచి రేటు వస్తుంది. కానీ మన దగ్గర చాలామందికి ప్రాణమైన కాల్ రికార్డింగ్ అందులో "రికార్డ్ అవుతోంది" అని అవతలివాళ్ళకి చాటింపు వేస్తుంది. శాంసంగ్‌లో చడీచప్పుడు ఉండదు. స్థలాల బేరాలు చేసే మా బాబాయి ఐఫోన్ వద్దనడానికి ఇదొక్కటే కారణం. అది ధర్మమా అధర్మమా అని నన్నడక్కండి.

"అమెరికా నుంచి మా వదిన వస్తోంది, తెప్పించుకుంటా" అనేవాళ్ళకి ఒక మాట. 2022లో ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లలో సిమ్ పెట్టే చోటే లేదు, అంతా ఫోన్‌లోనే కలిసి ఉండే ఈ-సిమ్. జియో, ఎయిర్‌టెల్ ఇస్తాయి, కాదనను. కానీ ఫోన్ పాడైన రోజు సిమ్ పీకి అమ్మ ఫోన్‌లో వేసుకుందామంటే కుదరదు. ఓటీపీల మీద బతికే దేశంలో ఇది చిన్న విషయం కాదు.

వన్‌ప్లస్ 13 వచ్చినప్పటి ధర 69,999, అంటే దాదాపు సగం. అదే 8 ఎలీట్ చిప్, 6000 బ్యాటరీ, 100 వాట్ల ఛార్జర్ డబ్బాలోనే. స్నానం చేసి టిఫిన్ తినేలోపు చాలావరకు నిండిపోతుంది. దీన్ని చూశాక 45 వాట్ల గురించి గొప్పలు చెప్పడానికి మొహమాటం ఉండాలి. అయినా దీనికీ చరిత్ర ఉంది. పాత మోడళ్ళకి స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత పడే జబ్బు ఎంత పెద్దదైందంటే, చివరికి ఆ గీతకి జీవితకాల వారంటీ ప్రకటించాల్సి వచ్చింది. 2024లో మార్జిన్లు, వారంటీ క్లెయిముల గొడవలతో మన రెండు రాష్ట్రాలతో సహా దక్షిణాది షాపులవాళ్ళు మే 1 నుంచి వన్‌ప్లస్ అమ్మమని ఎదురుతిరిగారు. పైగా ఆండ్రాయిడ్ అప్‌డేట్లు నాలుగే, శాంసంగ్ అయితే ఏడు ఇస్తుంది.

వివో ఎక్స్200 ప్రో వచ్చినప్పుడు 94,999. కెమెరా ఒక్కటే చూసుకుంటే నా ఓటు దీనికే. కల్యాణ మండపంలో వెనక వరస కుర్చీలో కూర్చుని, వీడియోవాళ్ళ లైట్ల మధ్య సందు చూసుకుని తలంబ్రాల ఫొటో తీయండి. పెళ్ళికూతురి జడలో చిక్కుకున్న బియ్యపు గింజ కూడా విడిగా కనిపిస్తుంది. అదే శాంసంగ్‌తో తీస్తే చేతులు కదిలి చెరిగినట్టు వస్తాయి. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద పరిగెత్తే పిల్లల ఫొటోలదీ అదే కథ. శాంసంగ్‌కి ఇది ఏళ్ళ తరబడి ఉన్న రోగం, కొత్త చిప్‌తో కొంచెం తగ్గింది, పోలేదు. వివోలో సాఫ్ట్‌వేర్ మాత్రం నాకు నచ్చదు, అడగని యాప్‌లు అంటగడుతుంది. పిక్సెల్‌కి విడుదలప్పుడు 1,24,999 పెట్టి, గేమ్ ఆడితే వెనకబడే టెన్సర్ చిప్ ఎందుకో నాకైతే అర్థం కాలేదు.

కాబట్టి అన్నీ కొద్దికొద్దిగా కావాలనుకునేవాడికి మిగిలేది అల్ట్రానే. నేనూ అదే అంటాను. ఏ అల్ట్రా అన్నదే ప్రశ్న. ఎస్24 అల్ట్రా కూడా మొదట్లో 1,29,999కే వచ్చింది, ఆ తర్వాత లక్షకి బాగా కిందికి దిగింది. దానికీ ఏడేళ్ళ అప్‌డేట్లే, 2031 దాకా వస్తాయి. ఎస్25 అల్ట్రాలో ఉన్నట్టే వెలుతురు పడితే మెరవని అద్దం దానికీ ఉంది. ఎండలో బండి మీద మ్యాప్ చూసుకునేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

అటువైపు వాదన కూడా ఉంది. ఆండ్రాయిడ్ 15 పిక్సెళ్ళకి 2024లోనే వచ్చేస్తే, ఎస్24 వాళ్ళని శాంసంగ్ 2025 ఏప్రిల్ దాకా కూర్చోబెట్టింది, ఎస్25తో మాత్రం డబ్బాలోనే ఇచ్చింది. ఏడాది పాత ఫోన్ కొంటే రెండో పంక్తిలో భోజనానికి సిద్ధపడాల్సిందే. ఏడేళ్ళ లెక్క కూడా ఫోన్ విడుదలైన రోజు నుంచే, మీరు కొన్న రోజు నుంచి కాదు. అయినా 2025లో ఉన్న ముప్పై నలభై వేల తేడాకి ఇవి పెద్ద కష్టాలని నేననుకోను.

నో కాస్ట్ ఈఎంఐ ఉందిగా అంటారు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, షాపువాడు అంత డిస్కౌంట్ చూపిస్తాడు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మన ఖాతాలోనే పడతాయి.

ఎస్24 అల్ట్రా కొనేవాళ్ళు పేరులో "అల్ట్రా" ఉందో లేదో చూసుకోండి. మామూలు ఎస్24కి మన దేశంలో మొదట శాంసంగ్ సొంత ఎక్సినాస్ చిప్ ఇచ్చారు, అప్పట్లో స్నాప్‌డ్రాగన్ అల్ట్రాకే. సీల్ మీ ఎదురుగా తీయమనండి, డబ్బా మీది ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు), *#06# కొడితే వచ్చే నంబరు ఒకటేనా చూడండి. షాపులో కుర్రాడు "అది స్టాక్ అయిపోయింది సార్, ఇదిగో కొత్తది, పదివేలు ఎక్స్‌ఛేంజ్ బోనస్ కూడా ఉంది" అంటాడు. పక్క షాపుకి వెళ్ళండి.