డ్రైవర్ అడిగే ప్రింటర్‌ను దుకాణంలోనే వదిలేయండి

లైనక్స్ వాడేవాళ్లు ఇంటికి ప్రింటర్ కొనబోతే రెండు సలహాలు తప్పవు. నల్లగొండ గడియారం సెంటర్‌లోనో, మహబూబ్‌నగర్‌లోనో కౌంటర్ అవతలి నుంచి వచ్చేది మొదటిది: "లైనక్సా? దాంట్ల నడ్వది సార్, విండోస్ ఏస్కోండి." రెండోది తోటి లైనక్స్ మిత్రులది: "హెచ్‌పీ తీస్కో, కండ్లు మూస్కొని నడుస్తది." మొదటిదాన్ని నవ్వి వదిలేయొచ్చు. జనాన్ని ముంచుతున్నది రెండోదే.

లైనక్స్ కోసం హెచ్‌పీ ఇచ్చే డ్రైవర్ల మూట హెచ్‌పీఎల్‌ఐపీ ఉంది కదా అని హెచ్‌పీ పేరు చూసి కొనేస్తారు. డబ్బా మీద 'లేజర్‌జెట్' అని ఉందా, ఉత్త 'లేజర్' అని ఉందా చూడరు. శాంసంగ్ ప్రింటర్ల వ్యాపారాన్ని హెచ్‌పీ 2017లో కొనేసింది. లేజర్ 108ఏ, దాని తమ్ముళ్లు ఆ వంశంవే. వాటి భాష వేరు, వాటికి కావాల్సిన డ్రైవర్ (కంప్యూటర్ మాటను ప్రింటర్‌కు అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాం) వేరు, శాంసంగ్‌ది, పేరు యూఎల్‌డీ. పోనీ లేజర్‌జెట్ అయితే నిశ్చింతా అంటే అదీ లేదు. పాత 1020కి హెచ్‌పీఎల్‌ఐపీతో పాటు సోర్సు మూసిపెట్టిన ఒక ప్లగిన్ (తోడు ప్రోగ్రాం) దించుకోవాలి. ప్లగిన్ వెర్షన్, హెచ్‌పీఎల్‌ఐపీ వెర్షన్ అచ్చంగా ఒకటే ఉండాలి. ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు ఈ ప్రింటర్ మూగబోయిందంటే తరచూ కారణం ఇదే. 'హెచ్‌పీ-ప్లగిన్' కమాండ్ మళ్లీ నడిపితే తేరుకుంటుంది, వచ్చే అప్‌గ్రేడ్ దాకా.

2010లో యాపిల్, ఫోన్ నుంచి డ్రైవర్ లేకుండా నేరుగా ప్రింట్ తీసే ఎయిర్‌ప్రింట్ తెచ్చింది. ఐఫోన్‌లో ఎవరి డ్రైవర్లు వారు వేసుకునే వీలు లేదు గనక, తయారీదార్లు తమ ప్రింటర్లకు ఐపీపీ అనే ఉమ్మడి భాష నేర్పక తప్పలేదు. ఆ పుణ్యం లైనక్స్‌కూ దక్కింది. ఐపీపీ తెలిసిన ప్రింటర్‌కు పేజీ ఇస్తే దాన్ని అదే చదువుకుని వేస్తుంది. డ్రైవర్ మాటే రాదు. డబ్బా మీద ఎయిర్‌ప్రింట్ గానీ, ఆండ్రాయిడ్ వైపు అలాంటిదే అయిన మాప్రియా గానీ ఉందా అన్నదే మొదటి ప్రశ్న. ధర, కంపెనీ ఆ తర్వాత.

మన జిల్లాల్లో ఏ జిరాక్స్ సెంటర్‌కు పోయినా కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900, హెచ్‌పీ 1020 దీనికి పూర్తి విరుద్ధం. పేజీని చుక్కలుగా మార్చే పనంతా కంప్యూటర్ నెత్తిన పెట్టి, తాము కేవలం డ్రమ్ము తిప్పుతాయి. 1020కి తనను నడిపే లోపలి ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్ కూడా తనలో ఉండదు. పవర్ ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే దాన్ని ఎక్కించాలి. ఎండాకాలం మధ్యాహ్నం మూడుసార్లు కరెంటు పోతే మూడుసార్లూ ఆ తతంగం జరగాలి. ఒక్కసారి తప్పినా క్యూలో కాగితాలు 'ప్రాసెసింగ్' అంటూ కూచుంటాయి, లైట్లు మాత్రం పచ్చగానే వెలుగుతుంటాయి. 2900 కథ ఇంకా చిక్కు. క్యానన్ ఇచ్చిన క్యాప్ట్ డ్రైవర్‌లో, లైనక్స్‌లో ప్రింటింగ్ పని చూసే కప్స్‌కూ ప్రింటర్‌కూ నడుమ సీసీపీడీ అనే మధ్యవర్తి ఉంటాడు. ప్రింటర్ ఆపి మళ్లీ వేస్తే అతగాడు తరచూ అలుగుతాడు. పైగా ఆ డ్రైవర్ ఇంటెల్ రకం ప్రాసెసర్లకే రాసింది, రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ మీద ఎక్కదు.

ఈ పాత ప్రింటర్లే మేలనే అవతలి వాదంలో బలం లేకపోలేదు. 1020, ఎం1005లకు 12ఏ, 2900కు 303 అనే కార్ట్రిడ్జ్‌లు ఇంచుమించు ఒకటే. ఏ మండల కేంద్రంలోనైనా నింపిపెడతారు. పికప్ రోలర్ అరిగినా, టెఫ్లాన్ చిరిగినా సామాను దొరుకుతుంది, చేసే మనిషీ దొరుకుతాడు. జిరాక్స్ దుకాణానికి ఇది సరైన లెక్కే, వాళ్లు వాడేది విండోసే కాబట్టి. నెలకు యాభై పేజీలు తీసే ఇంటికి రీఫిల్‌లో మిగిలేది ఎంత, డ్రైవర్‌తో పోయే ఆదివారాలు ఎన్ని? ఇప్పటికే 1020 ఉన్నవాళ్లు పారేయనక్కర్లేదు. ఫూటుజెడ్‌జేఎస్ అనే బహిరంగ సోర్సు డ్రైవర్ వేసిన ఒక చిన్న రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు తగిలించి కప్స్‌లో షేర్ చేస్తే ఇంటిల్లిపాదికీ పనిచేస్తుంది. కొత్తగా డబ్బు పెట్టి మాత్రం కొనొద్దు.

దుకాణంలో పరీక్ష పది నిమిషాల పని. వైఫై ఉన్న ప్రింటర్ అయితే వైఫై డైరెక్ట్ ఆన్ చేయించండి. ప్రింటర్ పేరు, పాస్‌వర్డ్ అది తీసే సమాచార పేజీ మీదే ఉంటాయి. ఆండ్రాయిడ్ ఫోన్‌ను దానికి కలిపి, కంపెనీ యాప్ ఏదీ వేయకుండా, ఫోన్‌లోని డిఫాల్ట్ ప్రింట్ సర్వీస్ నుంచే ఒక పీడీఎఫ్ కొట్టండి. వచ్చిందంటే లైనక్స్‌లోనూ దాదాపు ఖాయం. "ముందు యాప్ దించుకోండి, అకౌంట్ తెరవండి" అన్నారంటే లేచి రండి. యూఎస్‌బీ మాత్రమే ఉన్న చవక మోడళ్లలో ఐపీపీ అరుదు. అది తప్పదనుకుంటే బ్రదర్ మోనో (నలుపు ఒక్కటే వేసే) లేజర్లలో చాలావాటికి బీఆర్‌లేజర్, ఎప్సన్ ఇంక్ ట్యాంకు ప్రింటర్లలో చాలావాటికి ఈఎస్‌సీపీఆర్ డ్రైవర్లు ఉన్నాయి. రెండూ బహిరంగ సోర్సువే, ఉబుంటు, డెబియన్ లైనక్స్‌ల సాఫ్ట్‌వేర్ భాండారంలోనే దొరుకుతాయి. స్కానర్ కూడా కావాలంటే, డ్రైవర్ లేకుండా స్కాన్ చేసే పద్ధతి ఈఎస్‌సీఎల్ ఉందో లేదో చూడండి. ఉంటే లైనక్స్‌లోని సేన్-ఎయిర్‌స్కాన్ దాన్ని తనంత తానే పట్టుకుంటుంది.

లేజర్ ప్రింటరా, ఇంకు ప్రింటరా? అప్పుడప్పుడు హాల్ టికెట్టు, పాసుబుక్కు కాగితాలు తీసే ఇంటికి మోనో లేజరే. ఎండాకాలం నెలన్నర ముట్టకుండా వదిలేసిన ఇంక్ ట్యాంకు నాజిళ్లు ఎండుతాయి, క్లీనింగ్‌కే బోలెడు ఇంకు పోతుంది. లేజర్‌ను మాత్రం ఇన్వర్టర్ లైన్‌కు తగిలించొద్దు. పొడిని కాగితానికి అతికించే ఫ్యూజర్ వేడెక్కే క్షణంలో వెయ్యి వాట్ల దాకా లాగుతుంది, 900 వీఏ ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని కూత పెడుతుంది.

ఇంటికి తెచ్చాక పరేషాన్ చేసేవి కొన్నే. టెర్మినల్‌లో 'డ్రైవర్‌లెస్' అని కొడితే ఐపీపీతో మొదలయ్యే చిరునామా రావాలి. రాలేదా, నెట్‌వర్క్‌లో ప్రింటర్లను వెతికే అవాహీ నడుస్తోందా, ఫైర్‌వాల్ అడ్డుపడుతోందా, రూటర్‌లో ఒక పరికరాన్ని ఇంకోదానికి కనబడనీయని 'ఐసొలేషన్' పెట్టి ఉందా చూడండి. యూఎస్‌బీ వైరు మీద ఐపీపీని నడిపే ఐపీపీ-యూఎస్‌బీ, హెచ్‌పీఎల్‌ఐపీ రెండూ ఒకే వైరు కోసం కొట్టుకుంటాయి, ఒకదాన్ని తీసేయండి. భాష అమెరికన్ ఇంగ్లిష్‌గా ఉంటే కాగితం సైజు లెటర్‌గా కూచుంటుంది, ఏ4కు మార్చండి. రిజిస్ట్రేషన్ కాగితాలు తీసేవాళ్లు ఇంకో తిరకాసు గమనించాలి. ఇక్కడ 'లీగల్' అని అమ్మే ఎఫ్‌ఎస్ (ఫూల్‌స్కేప్) కాగితం 21.5 × 34.5 సెంటీమీటర్లు, సాఫ్ట్‌వేర్‌లోని లీగల్ పొడవు 35.6. కింది వరుస సంతకాల దగ్గర తెగేది అందుకే. కస్టమ్ సైజు ఇవ్వాలి.

ఈ లెక్క ఇంటితో ఆగదు. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదని విండోస్ 11 వద్దన్న కంప్యూటర్లు బడుల్లో, పంచాయతీల్లో మస్తుగా ఉన్నాయి. లైనక్స్ వేస్తే ఇంకో అయిదారేళ్లు నడిచేవే. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్లుగా లైనక్స్ మీదే పాఠాలు చెప్తున్నాయి. మన దగ్గర అడ్డం పడేది వర్డో, ఎక్సెలో కాదు, మూలన ఉన్న ఆ ప్రింటర్. రాబోయే కప్స్ 3లో పాత పద్ధతి డ్రైవర్లకు చోటే లేదు. అయినా ప్రింటర్ల టెండరంటే నిమిషానికి ఎన్ని పేజీలు, ధరెంత అన్న దగ్గరే ఆలోచన ఆగిపోతుంది. 'ఎయిర్‌ప్రింట్ లేదా ఐపీపీ ఎవ్రీవేర్ ధ్రువీకరణ ఉండాలి, స్కానింగ్ ఈఎస్‌సీఎల్‌లో జరగాలి' అని ఒక్క షరతు అందులో చేర్చడానికి సర్కారుకు రూపాయి ఖర్చు లేదు. నమూనా పరీక్ష రోజున ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో లేపిన ల్యాప్‌టాప్ ముందు పెట్టి, ఇంటర్నెట్ తీసేసి, ఒత్తులు, గుణింతాలు నిండుగా ఉన్న ఒక తెలుగు పేజీ రెండువైపులా ఏ4 మీద తీసి చూపమనాలి. తీయలేని బిడ్డర్‌ను అక్కడే పక్కన పెట్టాలి.