అదనంగా ఎన్ని?

ఉపాధి పథకం తెచ్చిన ప్రతి ప్రభుత్వమూ ముందుగా చెప్పేది ఒకటే అంకె: ఇన్ని లక్షల మందికి పని. వ్యతిరేకించేవారు ఖర్చును ఆ అంకెతో భాగించి, ఒక్కో ఉద్యోగానికి ఇంత తగలేశారా అని నిలదీస్తారు. పథకం లేకపోయినా పని దొరికేవారు ఎందరో మొదటి లెక్క చెప్పదు. ఆ డబ్బుతో లేచిన బడి, తవ్విన కాలువ రెండో లెక్కలో కనిపించవు.

అసలు చిక్కంతా మొదటి లెక్కలోనే ఉంది. కొత్తవారిని పెట్టుకుంటే జీతంలో కొంత మేం భరిస్తామని ప్రభుత్వం కంపెనీలకు చెబుతుంది. ఎలాగూ తీసుకోవాలనుకున్న పదిమందినే తీసుకుని కంపెనీ ఆ రాయితీని ఉంచేసుకుంటే, కొత్తగా పుట్టిన ఉద్యోగం ఒక్కటీ లేదు. పాత మనిషిని పంపేసి రాయితీ వచ్చే కొత్త మనిషిని తెచ్చుకుంటే ఒకరి కడుపు కొట్టి ఇంకొకరి కడుపు నింపినట్టే. నివేదికలో మాత్రం అవన్నీ విజయాలే. ప్రభుత్వ ఆఫీసులూ దీనికి అతీతం కాదు. అమెరికాలో 1973 నాటి ఉపాధి, శిక్షణ చట్టం (సెటా) కింద నిరుద్యోగుల కోసం కేంద్రం ఇచ్చిన నిధులను స్థానిక ప్రభుత్వాలు తమ మామూలు సిబ్బంది జీతాలకూ వాడుకున్నాయి. 1978లో నిబంధనలు బిగించాల్సి వచ్చింది.

అలాగని ఉపాధి పథకాలన్నీ వృథా అనేవారితో మేం ఏకీభవించం. మహామాంద్యంలో అమెరికా ప్రభుత్వం మొదలుపెట్టిన ఉపాధి పథకం వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ 1935 నుంచి 1943 వరకు దాదాపు 85 లక్షల మందికి పనిచ్చింది. 6 లక్షల మైళ్లకు పైగా రోడ్లు వేసింది, బాగుచేసింది. న్యూయార్క్‌లోని లాగార్డియా విమానాశ్రయం దాని కింద కట్టిందే. యుద్ధంతో ఫ్యాక్టరీలు మనుషుల కోసం వెతుక్కునే రోజులొచ్చాక దాన్ని మూసేశారు. పనిలేని కాలంలో తెరిచి, పని దొరికే కాలంలో మూసే ధైర్యం చాలా ప్రభుత్వాలకు ఉండదు.

లాభం కొన్నిసార్లు పథకం బయట కూడా కనిపిస్తుంది. భారత్‌లో ఉపాధి హామీ చెల్లింపులు మెరుగుపడిన మండలాలను పరిశీలిస్తే పేద కుటుంబాల ఆదాయం పెరిగిందని తేలింది. అందులో ఎక్కువ భాగం పథకం కూలి కాదు, బయటి పనుల సంపాదన. వేరే పని ఉందన్న భరోసా కూలీకి బేరమాడే బలమిచ్చింది. ఖర్చును ఉద్యోగాలతో భాగిస్తే ఈ లాభం ఎక్కడా దొరకదు.

ఎప్పుడు కొలుస్తామన్నదీ ముఖ్యమే. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, యోఖెన్ క్లూవే, ఆండ్రియా వెబర్ 200కు పైగా అధ్యయనాలను కలిపి 2018లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, శిక్షణ పథకాల ఫలితం రెండు మూడేళ్లకు బాగా కనిపిస్తుంది. ప్రభుత్వమే నేరుగా ఇచ్చే తాత్కాలిక ఉద్యోగాలు ఆ తర్వాత వేరే పని దొరకడానికి పెద్దగా తోడ్పడవు. కాబట్టి తాత్కాలిక పనిని కష్టకాలపు ఆసరాగానే చూడాలి, ఆ కొలతతోనే తూచాలి.

ఏ బడ్జెట్ పుస్తకంలోనూ రాయని ఖర్చు ఇంకొకటుంది. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, పేరు పడి, మట్టి మోసి, కూలి డబ్బు కోసం వారాల తరబడి బ్యాంకు చుట్టూ తిరిగే మనిషి ఆలోగా వడ్డీకి అప్పు తెస్తాడు. ఆ వడ్డీ కట్టేది ప్రభుత్వం కాదు, అతనే.

పథకం మొదలుపెట్టే ముందే దాని ఫలితాన్ని పథకం అందని ఎవరితో పోల్చి చూస్తారో ప్రకటించాలని మేం కోరుతున్నాం. కూలి ఎన్ని రోజులు ఆలస్యమైందో ప్రతి నెలా బయటపెట్టాలి. వేసిన రోడ్డు రెండు వానాకాలాల తర్వాత ఎలా ఉందో, పనిచేసినవారు ఏడాది తర్వాత ఎక్కడున్నారో బయటివారు వెళ్లి చూసి చెప్పాలి. ఆ నివేదిక చేతికొచ్చాకే మరుసటి విడత నిధులు విడుదల కావాలి.