జేబు ఒప్పుకున్న రివాల్వర్‌ని చెయ్యి ఒప్పుకుంటుందా?

2018లో సిగ్ సావర్ కంపెనీ పీ365 అనే బుల్లి పిస్తోలు తెచ్చినప్పుడు, అమెరికాలో చాలామంది ఇక ఆత్మరక్షణకు జేబులో పెట్టుకునే చిన్న రివాల్వర్ పని అయిపోయిందనుకున్నారు. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. ఐదు తూటాల రివాల్వర్ పట్టే చోటులోనే 9 ఎంఎం తూటాలు పది పడుతున్నాయి. మందం తక్కువ, ట్రిగ్గర్ తేలిక, మ్యాగజైన్ మార్చడం క్షణాల్లో పని. కాగితం మీద చూస్తే పోటీయే లేదు. అయినా రివాల్వర్లు ఆగలేదు. కోల్ట్ కంపెనీ ఎప్పుడో ఆపేసిన కోబ్రా పేరును 2017లోనే మళ్లీ బయటకు తీసింది. స్మిత్ అండ్ వెసన్ 2024లో తన పాత చిన్న రివాల్వర్ వరస జే-ఫ్రేమ్‌కే గురి చూసే కొత్త సైట్లు, కొత్త పిడి తొడిగి ‘అల్టిమేట్ క్యారీ’ పేరుతో దింపింది. కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు.

ఇది ఒట్టి పాతకాలపు మమకారం అని కొట్టిపారేయలేం. జేబులోంచి తీసేటప్పుడు రివాల్వర్ గుండ్రటి పిడి చేతికి తేలిగ్గా అందుతుంది, పిస్తోలు పలకలుగా ఉండి గుడ్డకు పట్టుకుంటుంది. తూటా పేలకపోతే పిస్తోలులో పైనుండి ముందుకూ వెనక్కీ జరిగే స్లైడ్ లాగి దాన్ని బయటకు పడేయాలి. రివాల్వర్‌లో ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే చాలు, తర్వాతి తూటా ముందుకొస్తుంది. దాడి చేసేవాడు మీద పడిపోయిన స్థితిలో పిస్తోలు మూతి ఒంటికి ఆనితే స్లైడ్ వెనక్కి జరిగి పేలకుండా మొరాయించొచ్చు. రివాల్వర్‌కు జరిగే స్లైడే లేదు. తూటాను కొట్టి పేల్చే హామర్ లోపల దాగిన రకమైతే కోటు జేబులోంచి తీయకుండానే కాల్చొచ్చు. చిన్న రివాల్వర్ అసలు పుట్టింది ఇలాంటి చేతికందే దూరాల కోసమే.

అయితే కొనడానికి వెళ్లినవాళ్లు మొట్టమొదట అడిగేది ‘ఏ కంపెనీది మంచిది?’ అని. నా లెక్కలో అది నాలుగో ప్రశ్నో ఐదో ప్రశ్నో. మొదటి ప్రశ్న బరువు గురించి. అదీ జేబులో తెలిసే బరువు కాదు, పేల్చేటప్పుడు చేతిలో తెలిసే బరువు.

కోల్ట్ 1927లో డిటెక్టివ్ స్పెషల్ తెచ్చింది. రెండంగుళాల బ్యారెల్, ఆరు తూటాలు, అంతా ఉక్కు. 1950లో స్మిత్ అండ్ వెసన్ చీఫ్స్ స్పెషల్ వచ్చింది. తూటాలు పట్టే సిలిండర్ సన్నబడేందుకు ఒక తూటా వదులుకుని ఐదుతో సరిపెట్టుకుంది. నేటి జే-ఫ్రేమ్‌లన్నీ దాని సంతానమే. 1952లో కంపెనీ నూరేళ్ల సందర్భంగా సెంటెనియల్ వచ్చింది, హామర్ పూర్తిగా లోపలికి పోయింది. అప్పటిదాకా తగ్గించింది సైజు. ఆ తర్వాత కోత పడింది లోహం మీద. ఉక్కు ఫ్రేము స్థానంలో అల్యూమినియం వచ్చింది, ఆపైన స్కాండియం కలిపిన అల్యూమినియం, టైటానియం సిలిండర్ వచ్చాయి. స్మిత్ అండ్ వెసన్ ఉక్కు 640 మోడల్ 22 ఔన్సుల చుట్టుపక్కల, అంటే 620 గ్రాములు తూగుతుంది. అల్యూమినియం 642 సుమారు 410 గ్రాములు. స్కాండియం 340పీడీ 12 ఔన్సులు కూడా లేదు, 340 గ్రాముల లోపే. మూడూ చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. షాపు అద్దాల బల్ల మీద మూడింటినీ చేతికిస్తే ఎవరైనా మూడోదే మెచ్చుకుంటారు.

చిక్కు ట్రిగ్గర్ దగ్గర మొదలవుతుంది. హామర్ దాగిన రివాల్వర్‌లో ప్రతిసారీ వేలే హామర్‌ను వెనక్కి లాగి వదలాలి, సిలిండర్‌నూ తిప్పాలి. దానికి కావలసిన బలం మామూలుగా 12 పౌండ్ల దగ్గర, అంటే ఐదు కిలోల పైమాట. 642లో ఐదు తూటాలూ నింపినా మొత్తం అర కిలో దాటదు. చేతిలో ఉన్న వస్తువు బరువుకు పది రెట్లకు మించిన బలంతో ఒక వేలు వెనక్కి లాగుతుండగా, ఆ వస్తువు మాత్రం వెంట్రుకవాసి కదలకూడదు. కొత్తవాళ్లు కాల్చేటప్పుడు పక్కన నిలబడి చూస్తే తెలుస్తుంది. ట్రిగ్గర్ సగం దాకా వచ్చేసరికి మూతి వణుకుతుంది, ఆఖరి క్షణంలో వేళ్లన్నీ కలిసి బిగుసుకుంటాయి, ముందు సైటు కిందికి, పక్కకి వాలిపోతుంది. గుండు గురికి దిగువన ఎక్కడో పడుతుంది. తప్పు తుపాకీదే అనుకుంటారు, కాదు. బ్యారెల్‌ను బిగించిపెట్టి కాల్చి చూస్తే రెండంగుళాల బ్యారెల్ కూడా ఆశ్చర్యపోయేంత సూటిగా కొడుతుంది.

స్ప్రింగులు మార్చి ట్రిగ్గర్‌ను తేలిక చేసుకునేవాళ్లున్నారు. కాల్పుల సాధన చేసే రేంజ్‌లో సరదాకి సరే. రోజూ వెంట ఉంచుకునే దానికి నేను వద్దంటాను. హామర్ దెబ్బ మెత్తబడితే గట్టి ప్రైమర్ (తూటా అడుగున దెబ్బకు నిప్పు పుట్టించే భాగం) ఉన్న తూటా పేలకపోవచ్చు, రివాల్వర్‌ను ఎంచుకున్న ప్రధాన కారణమే పోతుంది. రూగర్ కంపెనీ ఈ చిక్కును 2009లో ఎల్‌సీఆర్ అనే రివాల్వర్‌తో వేరే దారిలో పరిష్కరించింది. స్ప్రింగును బలహీనపరచకుండా, లోపలి క్యామ్ ఆకారం మార్చి రాపిడి తగ్గించింది. వెనక సగం పాలిమర్, చూపులకు అందగత్తేమీ కాదు. కానీ పెట్టెలోంచి తీసిన ట్రిగ్గర్‌ను పెట్టెలోంచి తీసిన ట్రిగ్గర్‌తో పోలిస్తే, తేలిక రకాల్లో దీనిదే నునుపు అని నా అభిప్రాయం. .38 తూటా రకం 13.5 ఔన్సులే ఉంటుంది గనుక రీకాయిల్ (పేలినప్పుడు వెనక్కి తన్నడం) సంగతి మాత్రం దీనికీ తప్పలేదు.

రీకాయిల్ అంటే మాగ్నమ్ అనే బలమైన తూటా గురించి చెప్పుకోవాలి. .357 మాగ్నమ్ 1935లో పుట్టింది పెద్ద ఉక్కు రివాల్వర్ల కోసం. అదే తూటాను 340 గ్రాముల తుపాకీలో వేసి పేలిస్తే ఏమవుతుందో తయారీదారుకూ తెలుసు. 340పీడీ బ్యారెల్ మీదే చెక్కి ఉంటుంది, 120 గ్రెయిన్ల (దాదాపు 8 గ్రాముల) కంటే తక్కువ బరువున్న గుండ్లు వాడొద్దని. ఇంకో ప్రమాదమూ ఉంది. తుపాకీ ఒక్కసారిగా వెనక్కి ఎగరడంతో, సిలిండర్‌లో మిగిలి ఉన్న తూటాల గుండ్లు జడత్వం వల్ల షెల్స్ (తూటా తొడుగులు) నుంచి ముందుకు జారొచ్చు. గుండు సిలిండర్ ముఖం దాటి బయటకు పొడుచుకొస్తే సిలిండర్ తిరగదు. ట్రిగ్గర్ మళ్లీ నొక్కి బయటపడే దారి కూడా ఉండదు. ఇన్ని తిప్పలు పడి సంపాదించేదేమిటి? పొట్టి బ్యారెల్‌లో మాగ్నమ్ మందు పూర్తిగా కాలకముందే గుండు బయటపడుతుంది. అదనపు వేగంలో చాలా భాగం కళ్లు జిగేల్మనిపించే మంట, చెవులు బద్దలయ్యే మోత కింద పోతుంది. తేలిక రివాల్వర్ మీద ‘.357’ అని రాసి ఉంటే దాన్ని అందులో కూడా పట్టే .38లే వాడతాననుకుని కొనండి, లేకపోతే కొనొద్దు.

.38 స్పెషల్‌కూ పొట్టి బ్యారెల్ శాపం ఉంది. ఎఫ్‌బీఐ తన ఏజెంట్లు చనిపోయిన 1986 మయామీ కాల్పుల తర్వాత తూటాల పరీక్షకు పెట్టుకున్న కొలమానం, కండకు బదులుగా వాడే జెలటిన్‌లో గుండు 12 నుంచి 18 అంగుళాల లోతుకు వెళ్లాలని. మొన బోలుగా ఉండే హాలో పాయింట్ గుండు విచ్చుకోవడానికి వేగం కావాలి. రెండంగుళాల బ్యారెల్ నుంచి ఆ వేగం రాక చాలా రకాలు విచ్చుకోవు. కొన్ని విచ్చుకుని లోతుకు వెళ్లవు. పొట్టి బ్యారెళ్ల కోసమే చేసిన స్పీర్ గోల్డ్ డాట్ 135 గ్రెయిన్ల తూటా లాంటివి పేరు నిలబెట్టుకున్నాయి. మరోవైపు, కాగితం టార్గెట్ల కోసం తయారైన 148 గ్రెయిన్ల వాడ్‌కటర్‌ను ఆత్మరక్షణకు ఎంచుకునేవాళ్లు అనుభవజ్ఞుల్లోనే ఎక్కువ. మొహం చదునుగా ఉండే గుండు, విచ్చుకోవాల్సిన పనే లేదు, తగిన లోతుకు వెళ్తుంది, చేతిని తన్నదు. ముందు భాగం మొండిగా ఉండటంతో సిలిండర్‌లోకి త్వరగా దూరదు, అదొక్కటే ఇబ్బంది. అందుకే తుపాకీలో వాడ్‌కటర్లు, జేబులో అదనంగా కోసు మొహం తూటాలు పెట్టుకుంటారు.

నాకు ఈ మధ్య అన్నిటికంటే ఆసక్తి కలిగించింది .32 తూటా తిరిగి రావడం. .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్ 1984 నాటిది, దాదాపు మరుగున పడింది. 2024 నాటి అల్టిమేట్ క్యారీ వరసలో అది 432, 632 మోడళ్లుగా వచ్చింది. తూటా సన్నం గనుక అదే సిలిండర్‌లో ఐదు బదులు ఆరు పడతాయి, రీకాయిల్ .38 కంటే స్పష్టంగా తక్కువ. పైగా అదే రివాల్వర్‌లో 19వ శతాబ్దం చివరి .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ కూడా పేలుతుంది, మరీ మెత్తగా. తూటాలు ప్రతి షాపులో దొరకవు, .38 కంటే ఖరీదు. అయినా మణికట్టు నొప్పులున్నవాళ్లకూ వయసు పైబడినవాళ్లకూ నేను మొదట చూపించేది ఇదే. .22 కూడా ఉంది కదా అంటారు. రీకాయిల్ లేదు, నిజమే. కానీ అడుగు అంచు మీద కొడితే పేలే ఇలాంటి రిమ్‌ఫైర్ తూటాల్లో పేలనివి ఎక్కువ, వాటిని పేల్చే ట్రిగ్గర్ ఇంకా బరువు. వేలిలో బలం లేదని .22 తీసుకుంటే ఆ వేలికే ఎక్కువ పని పడుతుంది.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. గన్ షాపుల్లో ఆడవాళ్లు అడుగుపెడితే చాలు, చిన్నది, తేలికైనది, వీలైతే గులాబీ రంగుది చేతికిస్తారు. చిన్న చేతికి చిన్న తుపాకీ అన్నది వినడానికి బాగుంటుంది, భౌతికశాస్త్రం మాత్రం తలకిందులుగా పనిచేస్తుంది. చిన్న తేలిక తుపాకీ కాల్చడానికి అన్నిటికంటే కష్టమైనది, అనుభవం బాగా ఉన్నవాళ్లే దాన్ని లొంగదీయగలరు. మొదటి తుపాకీగా దాన్ని అంటగడితే, ఆమె రెండు పెట్టెల తూటాలు కాల్చి, అరచెయ్యి కమిలి, మళ్లీ రేంజ్ మొహం చూడదు. ఆ రివాల్వర్ హ్యాండ్‌బ్యాగులో తాళాలతో, లిప్‌స్టిక్‌తో కలిసి దొర్లుతుంటుంది. ట్రిగ్గర్ గార్డులోకి దూరగలిగేది ఏదైనా ప్రమాదమే కనుక అది మరీ అన్యాయం.

జేబులో పెట్టుకున్నా అదే నియమం. ట్రిగ్గర్ పూర్తిగా కప్పే పాకెట్ హోల్‌స్టర్ (తుపాకీ ఒర) ఉండాలి, ఆ జేబులో చిల్లర కూడా ఉండకూడదు. హోల్‌స్టర్ జేబులోనే ఉండిపోయి తుపాకీ ఒక్కటే బయటకు రావాలి, రెండూ కలిసి ఊడొస్తే అది పనికిరాదు. జేబు అడుగున చేరే నూలు పీచు సిలిండర్ సందుల్లోకీ, ఖాళీ షెల్స్‌ను నెట్టే ఎజెక్టర్ కిందికీ పోతుంది గనుక అప్పుడప్పుడూ విప్పి దులపాలి. రివాల్వర్‌కు శుభ్రం అక్కర్లేదన్న మాట ఎవరు పుట్టించారో తెలియదు. చిన్న రివాల్వర్‌లో ఎజెక్టర్ రాడ్ పొట్టిది, ఖాళీ షెల్స్‌ను పూర్తిగా నెట్టలేదు. మూతి ఆకాశం వైపు పెట్టి అరచేత్తో గట్టిగా కొట్టాలి, లేకపోతే ఒక షెల్ ఎజెక్టర్ చివరి నక్షత్రాకారపు పలక (స్టార్) కిందికి జారి ఇరుక్కుంటుంది. కాల్చేటప్పుడు ఎడమ బొటనవేలు సిలిండర్ ముందు భాగానికి చేరకుండా చూసుకోవాలి, సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందులోంచి వేడి వాయువులు కత్తిలా కోస్తూ వస్తాయి.

చట్టం ముచ్చట క్లుప్తంగా. 2022లో బ్రూయెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఆత్మరక్షణకు ఇంటి బయట తుపాకీ ఉంచుకోవడం రాజ్యాంగ హక్కేనంది. 2024 నాటికి 29 రాష్ట్రాల్లో పర్మిట్ లేకుండానే దాచి తీసుకెళ్లొచ్చు. అయితే రాష్ట్రం మారితే రూలు మారుతుంది, కొన్ని ఫెడరల్ భవనాల్లో పర్మిట్ ఉన్నా కుదరదు. హెచ్‌1బీ, ఎఫ్‌1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్లకు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరం. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఆ నిషేధం లేదు. ఇంట్లో సంగతి ఇంకా ముఖ్యం. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. జేబులోంచి తీసిన తుపాకీ బీరువా మీదికి కాకుండా తాళం పడే పెట్టెలోకి వెళ్లాలి, ఇంట్లో పిల్లలున్నా లేకపోయినా.

ఇక ఎంపిక. చాలా రేంజ్‌లలో తుపాకీలు అద్దెకిస్తారు. ఒక 642, ఒక ఎల్‌సీఆర్, ఒక ఉక్కు 640 గానీ 26 ఔన్సుల రూగర్ ఎస్పీ101 గానీ, దొరికితే ఒక .32. ఏడు గజాల దూరంలో అరచేతి వెడల్పు కాగితం పెట్టి, ప్రతి దాంతో ఐదేసి చొప్పున నెమ్మదిగా కాల్చండి. తర్వాత అదే వరసలో మళ్లీ ఐదేసి, ఈసారి చకచకా. మొదటి విడత కాగితాలను పట్టించుకోవద్దు, రెండో విడతవే చూడండి. తేలిక రివాల్వర్‌తో చివరి రెండు గుళ్లు కాగితం దాటిపోయి, ఉక్కు దాంతో ఐదూ లోపలే పడితే, మధ్యనున్న తేడా 210 గ్రాములు. ఆ బరువుకు ప్యాంటు జేబు సాగిపోతుంది కనుక తుపాకీని నడుం దగ్గరికి, బెల్టు లోపలి హోల్‌స్టర్‌కు మార్చుకోవాల్సి వస్తుంది. తగిన బెల్టు ఉంటే వారం తిరగకుండా నడుం దాన్ని మర్చిపోతుంది. బెల్టు కట్టే వీలే లేని ఉద్యోగం, దుస్తులు అయితే అప్పుడు 642 తీసుకుని, అందులో వాడ్‌కటర్లు వేసుకుని, నెలకొక పెట్టె కాల్చడానికి సిద్ధపడండి.