ఎక్స్‌ట్రా టైమ్ గారికి ఒక తల్లి విన్నపం

శ్రీయుత ఎక్స్‌ట్రా టైమ్ గారికి నమస్కారాలు.

నిన్న తమరు మా వాడి బడికి విచ్చేసినట్టు తెలిసింది. సోషల్ ప్రీఫైనల్. పన్నెండున్నరకు బెల్లు కొట్టాక మా వాడి పక్కన గంటసేపు ఉండాలి తమరు. ఉన్నారట, 11 నిమిషాలు.

ఆ పదకొండూ ఎలా గడిచాయంటే, మిగతా పిల్లలంతా ఒక్కసారి లేచారు. బెంచీలు జరిపారు. "ఆ మ్యాప్ ఎలా పెట్టావురా" అని గుమ్మంలోనే చర్చ. ఇన్విజిలేటర్ గారు పేపర్లు లెక్కపెట్టి, కట్టకు దారం చుట్టి, ముడి వేయకుండా వాడి ముందుకొచ్చి నిలబడ్డారు. ఆ వేలాడే దారం కొస వాడి పేపరు కోసమే. "ఇంకా ఎంతసేపు నాన్నా, అందరూ వెళ్లిపోయారుగా?" అన్నారు. తిట్టలేదు, ముద్దుగానే అడిగారు. రాయడమే కష్టమయ్యే డిస్‌గ్రాఫియా ఉన్న పిల్లాడు, ప్రతి ఒత్తు దగ్గరా పెన్ను ఆగిపోయే పిల్లాడు ఏం చేస్తాడు? ఇచ్చేసి వచ్చాడు.

తమరి వైభవం నాకు తెలియక కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మా వాడి లాంటి లెర్నింగ్ డిసెబిలిటీ కూడా ఉంది. 2018 పరీక్షల మార్గదర్శకాల్లో తమరున్నారు, గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా. 2021లో సుప్రీంకోర్టు దాకా కూడా వెళ్లారు. నీట్‌లో డిస్‌గ్రాఫియా ఉన్న ఒక అమ్మాయికి తమరిని దక్కనివ్వకుండా పేపరు లాక్కున్నారు. తప్పేనని కోర్టు అంది. పరీక్ష మాత్రం మళ్లీ పెట్టించలేదు.

హెచ్‌ఎం గారిని అడిగితే "పబ్లిక్‌లో ఇస్తార్లేమ్మా, ఇది ప్రీఫైనలే కదా" అన్నారు. మరి నాలుగు గంటలు కూర్చుని రాయడం వాడు ఎక్కడ అలవాటు చేసుకోవాలి, ఏకంగా పబ్లిక్‌లోనా? ఈత చెరువులో వద్దు, ఏకంగా గోదాట్లోనే నేర్చుకొమ్మన్నట్టుంది.

తమరి చుట్టాలూ తక్కువేం కాదు. సర్టిఫికెట్ గారు మా వాడి కష్టాన్ని శాతాల్లో తూస్తారు, కూరగాయల్లాగా. చెబితే రాసిపెట్టే స్క్రైబ్ గారి పేరుతో ఒక తొమ్మిదో తరగతి అబ్బాయిని చూపించారు. పాపం, వాడి దస్తూరీ మా వాడికన్నా ఘోరం.

ఇంక మర్యాదలు నా వల్ల కాదు. నువ్వు దయాధర్మం కాదు. వాడికి కళ్లజోడు ఉంటే "అందరూ తీసేశారుగా, నువ్వూ తియ్యి నాన్నా" అంటారా?

ఆటోలో వస్తూ ఆ వదిలేసిన ప్రశ్న నేనే అడిగాను. భూగర్భ జలాలు ఎందుకు తగ్గుతున్నాయి? నాలుగు కారణాలు గడగడా చెప్పాడు. ఐదోది మా అపార్ట్‌మెంట్ బోరు కథ. ఆటో అతను కూడా వెనక్కి తిరిగి విన్నాడు.

సోమవారం లెక్కలు. పన్నెండున్నరకు నేను గేటు దగ్గరే ఉంటాను. నువ్వు లోపల ఉంటావా?

ఇట్లు,
గేటు బయట నిలబడే అమ్మ