ఇటాలియన్ మాటల్లో దాక్కునే నొక్కు గారికి

మాటలో ఒక అక్షరాన్ని ఒత్తి పలికించే మహారాజశ్రీ నొక్కు గారి సముఖమునకు,

నిన్న స్టేషన్ కౌంటర్లో ‘ఉదీనె’కి టికెట్ అడిగాను. లోపలావిడ అలాంటి ఊరే లేదన్నట్టు చూసి, కాగితం మీద రాయించుకుని, క్యూ మొత్తానికి వినబడేలా "ఆఁ... ఊదినె!" అంది. ఈలోగా బండి వెళ్ళిపోయింది. ఆ కాగితం మీద తమరెక్కడ ఉన్నారో కాస్త చూపిస్తారా?

చివరి నుంచి రెండో అక్షరం మీద ఉంటారని మొదటి పాఠంలోనే చెప్పారు. మిలానొ, తొరీనొ, వెరోన దాకా మాట నిలబెట్టుకున్నారు. తర్వాత నాపొలి, మోదెన, పాదొవ, జేనొవ... అన్నిట్లోనూ ఇంకో మెట్టు వెనక్కి జారుకున్నారు. ఇక దక్షిణాన ఆ ‘తరంతొ’! కాస్తో కూస్తో ఛందస్సు చదివినవాణ్ణి. ‘రం’ నిఖార్సయిన గురువు. అంతటి గురువును నిలబెట్టి, ముందున్న లఘువు మీద కూర్చుని ‘తారంతొ’ అనిపిస్తారా?

పాస్తాను పా-స్తా అని, పిల్లిని మాత్రం గత్-తొ అని విరవమనే న్యాయం గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

చివరి అక్షరం మీదికొస్తే మాత్రం నెత్తిన గీత పెట్టుకుని మరీ దర్శనమిస్తారు: చిత్తా, పెర్కే, కఫ్ఫే. (ఆ గీత కూడా పెర్కేలో ఒకవైపు, కఫ్ఫేలో ఇంకోవైపు వాలుతుంది. ఎందుకని అడిగే ఓపిక లేదు.) మిగతాచోట్ల ఏమైంది, సిరా కరువా? ఒకే స్పెల్లింగు: కాపితనొ అంటే ‘జరుగుతుంటాయి’, కపితానొ అంటే కెప్టెన్. ప్రీంచిపి అంటే రాకుమారులు, ప్రించీపి అంటే సూత్రాలు. మేం దీర్ఘం తీస్తే అక్షరం మీదే రాసి తీస్తాం. పలక పట్టిన పిల్లాడైనా చదువుతాడు. నిఘంటువులో నిక్షేపంగా కనబడతావే, స్టేషన్ బోర్డు మీదికి రావడానికి నీకేం రోగం? ‘తెలేఫొననొ’లో వెనక నుంచి నాలుగో అక్షరం దాకా పోయి నక్కితే నిన్నెవడు వెతుకుతాడయ్యా?

నా సంగతి వదిలెయ్. నీ ఇంట్లోవాళ్ళకే దొరకవు. ‘రుబ్రీక’ను ‘రూబ్రిక’ అనేదీ, ‘ఎదీలె’ను ‘ఏదిలె’ అనేదీ అక్కడ పుట్టి పెరిగినవాళ్ళే! మొన్న క్యాంటీన్లో ఇద్దరు ఇటాలియన్లు ఆ ‘రుబ్రీక’ కోసమే ఫోన్లో నిఘంటువు తీసేదాకా పోట్లాడుకున్నారు. నేను నోరెత్తలేదు, కూర్చుని కాఫీ తాగాను. అంత కమ్మని కాఫీ ఈ దేశంలో మళ్ళీ దొరకలేదు.

ఇట్లు,
తమరి జాడ కోసం నిఘంటువులు తిరగేస్తున్న
ఒక తెలుగు విద్యార్థి