డబ్బా వెనక 420

పైరవీకి లొంగని, పండగకు కూడా సెలవు పెట్టని ఆహార తనిఖీ అధికారి మన తెలంగాణలో ఒకరున్నారు. ఆఫీసు హన్మకొండలో, నా బొడ్డుకు నాలుగు వేళ్ల కింద. ఏ డబ్బా మీద ఏం రాసి ఉన్నా ఆయన నమ్మరు. సరుకును లోపలికి రానిచ్చి, నిదానంగా విచారించి, సాయంత్రానికల్లా ఉత్తర్వులు ఇస్తారు. ఆ ఉత్తర్వుల మీద అప్పీలు లేదు. స్టే అసలే లేదు.

ఈ అధికారి నియామకం కూడా చిత్రంగానే జరిగింది. గొట్టం వేసి లోపలంతా చూసిన డాక్టర్ "ఏమీ లేదు, అంతా నార్మల్" అన్నారు. ఏమీ లేకుండానే ఇంత బాధ ఉంటే దాని పేరు ఐబీఎస్ అట, అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, ఊరికే చిరాకు పడే పేగు. 2016లో పెద్ద డాక్టర్లు దీనికి ఒక కొలత కూడా పెట్టారు. మూడు నెలలుగా సగటున వారానికి ఒక రోజైనా కడుపులో నొప్పి ఉండాలి. ఆ నొప్పికి బాత్రూంతో సంబంధం ఉండాలి, లేదా వెళ్లే సార్లు మారాలి, లేదా వచ్చే తీరు మారాలి. ఈ మూడింట్లో రెండు ఉంటే పాస్. నేను మూడింట్లోనూ డిస్టింక్షన్. రక్తం పడటం, బరువు తగ్గిపోవడం, రక్తహీనత లాంటివి ఉంటే ఈ బిరుదు ఇంత తేలిగ్గా ఇవ్వరు, ముందు వాటి సంగతి చూస్తారు. నాకు అవేవీ లేవని తేల్చుకున్నాకే ఇచ్చారు.

అప్పటి నుంచి నా భూగోళం మారిపోయింది. అందరికీ హన్మకొండ నుంచి ఉప్పల్ దాకా ఉండేది రోడ్డు. నాకు మాత్రం బస్సు జనగామలో ఆగుతుందా, భువనగిరిలో ఆగుతుందా, ఆగితే ఎంతసేపు అన్నదే లెక్క. కాజీపేటలో రైలెక్కితే మాత్రం రాజాలా కూర్చుంటాను. బోగీకి రెండు చివరలా ధైర్యం ఉంటుంది.

ఇక బామ్మర్ది విషయానికొస్తాను. సుబేదారిలో జిమ్‌కు పోతాడు. జిమ్‌కు పోయేవాళ్లకు కండలతో పాటు సలహాలు కూడా పెరుగుతాయి. పాలు తాగితే నాకు కడుపు ఉబ్బుతుందని వాళ్ల అక్క దగ్గర విన్నాడు. "బావా, పాలు పడకుంటే సోయా తాగుండ్రి. నేచురల్ ప్రోటీన్. పేగుకు మస్తు మంచిది" అన్నాడు. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది, సోయాలో ఉండదు. అక్కడివరకు వాడు చెప్పింది నిజమే. సగం నిజం చెప్పేవాడితోనే మనకు ఎప్పుడూ ప్రమాదం.

సోయా మనకు కొత్తది కూడా కాదు. ఆదిలాబాద్, నిర్మల్ వైపు చేలకు చేలే సోయా వేస్తారు. నూనె తీశాక మిగిలిన పిండి కోళ్ల దాణాకు పోతుంది, కొంత మీల్‌మేకర్‌గా మన కూరలోకి వస్తుంది. నిర్మల్‌లో ఉన్న మా మేనత్తకు ఫోన్ చేస్తే ఐదు కిలోల గింజలు పంపింది. మా ఆవిడ రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, బట్టలో వడగట్టి, మూడుసార్లు పొంగించింది. పైన తెల్లటి మీగడ లాంటి తెట్టె, గిన్నె చుట్టూ నురగ, వంటింట్లో పచ్చి చిక్కుడుకాయ వాసన. అంత కష్టపడి చేసింది కదా అని రెండు గ్లాసులు తాగాను. "ఇంకొంచెం పోయమంటరా?" అంటే మూడోది కూడా.

ఆ సాయంత్రం ఇన్‌స్పెక్టర్ గారు రికార్డులు తెరిచారు.

నేరం ఏమిటో తర్వాత తెలిసింది. సోయా గింజలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఉంటాయి. వాటిని విడగొట్టే ఎంజైమ్ మనిషి పేగులో లేదు. నాకే కాదు, ఎవరికీ లేదు. అరగని ఆ సరుకంతా నేరుగా పెద్దపేగుకు పోతుంది. అక్కడ కోట్ల కొద్దీ బ్యాక్టీరియా దానిమీద పడి జాతర చేసుకుంటుంది. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్. మామూలు మనిషికి ఒకటి రెండు శబ్దాలతో పోయే వ్యవహారమే ఇది. ఐబీఎస్ పేగుకు మాత్రం ఆ గ్యాస్‌కు సాగడమే నొప్పి. పైగా ఆ చక్కెరలు నీళ్లలో కరుగుతాయి. గింజను రుబ్బి వడగడితే పిప్పి బట్టలో ఉండిపోతుంది, అవి పాలతో పాటు గ్లాసులోకి దిగుతాయి. మా ఆవిడ అంత శ్రద్ధగా వడగట్టింది నా గ్యాస్‌నే అన్నమాట.

ఇందులో అన్యాయం ఏమిటంటే, మన పెద్దలు, యోగా మాస్టర్లు, బామ్మర్దులు అందరూ పొగిడే "పూర్తి గింజ, ఇంట్లో చేసింది, సహజమైనది" ఇక్కడ ముద్దాయి. ఫ్యాక్టరీలో గింజను కడిగి, విడగొట్టి, చక్కెరలు దాదాపు అన్నీ తీసేసి, ప్రోటీన్ ఒక్కటే మిగిల్చిన పొడి, అంటే సోయా ప్రోటీన్ ఐసోలేట్, నిర్దోషి. మెల్‌బోర్న్‌లో మోనాష్ యూనివర్సిటీ వాళ్లు ఈ పేగు చట్టం రాశారు. పేరు ఫాడ్‌మ్యాప్, అంటే సరిగా ఇంకకుండా పేగులో పులిసే చక్కెరల చిట్టా. ఆ చట్టం ప్రకారం ఐసోలేట్‌తో చేసిన సోయా పాలు తాగొచ్చు, పూర్తి గింజతో చేసినవి వద్దు. గట్టి టోఫూ, అంటే సోయా పన్నీరు, తినొచ్చు, ఎందుకంటే దాన్ని పిండినప్పుడు ఆ నీళ్లతో పాటు చక్కెరలు పోతాయి. మెత్తటి సిల్కెన్ టోఫూ వద్దు. అదే చట్టంలో ఉల్లిగడ్డ, ఎల్లిపాయ కూడా నిషేధం. మెల్‌బోర్న్‌లో పచ్చిపులుసు ఎవరూ చేసుకోరు కాబట్టి వాళ్లకు రాయడానికి చేతులు వచ్చాయి. అయితే ఇది యావజ్జీవం కాదు. రెండు నుంచి ఆరు వారాలు మానేసి, తర్వాత ఒక్కోటి తిరిగి తెచ్చుకుని, ఏది పడుతుందో ఏది పడదో చూసుకోవాలి.

ఐసోలేట్ పొడితో షేక్ చేసుకోవచ్చని అలా తేలింది. దాన్ని తియ్యగా చేయడం ఎలా అన్నది మిగిలింది. అసలు కథ డబ్బా వెనక ఉందని నాకు అప్పుడే తెలిసింది.

నక్కలగుట్టలో ఒక షాపుకు పోయాను. సోయా షేకు డబ్బా. ముందు వైపు పచ్చటి ఆకు, పక్కన నడుం సన్నటి అమ్మాయి, పెద్ద అక్షరాల్లో "చక్కెర లేదు". వెనక వైపు అక్షరాలు ఆవగింజలో సగం. ఫోన్ కెమెరా పెట్టి, రెండు వేళ్లతో సాగదీసి చదివాను. స్వీటెనర్స్, బ్రాకెట్లో 965, 420. షాపతను వచ్చి "ఎక్స్‌పైరీ ఉన్నది సార్, నిన్ననే వచ్చింది మాల్" అన్నాడు. నా ఎక్స్‌పైరీ గురించి చూస్తున్నానని చెప్పలేదు.

ఆహారంలో కలిపేవాటికి ఇచ్చే నంబర్లివి. 965 అంటే మాల్టిటాల్. 420 అంటే సార్బిటాల్. చివర "ఆల్" వచ్చే ఈ కుటుంబం మొత్తం, సార్బిటాల్, మానిటాల్, జైలిటాల్, మాల్టిటాల్, పేగులో అరకొరగానే ఇంకుతుంది. ఇంకనిది నీళ్లను లోపలికి లాగుతుంది, బ్యాక్టీరియాకు విందు చేస్తుంది. పాలియోల్స్, అంటే ఈ కుటుంబమే, ఎక్కువగా ఉంటే విరేచనాలు కావచ్చని కొన్ని డబ్బాల మీద రాస్తారు కూడా. అది కూడా వెనకే. మన దేశంలో మోసానికి 420 అని పేరు పెట్టి నూటయాభై ఏళ్లు దాటింది. 2024 జులై 1న చట్టం మారి మోసానికి 318వ సెక్షన్ ఇచ్చారు. సార్బిటాల్ మాత్రం పాత నంబర్ వదల్లేదు. ఇంత నిజాయితీగా నంబర్ మెడలో వేసుకుని తిరిగే 420ని నేను ఇంకెక్కడా చూడలేదు.

మరి ఏవి పనికొస్తాయి? సుక్రలోజ్, ఆస్పర్టేమ్, శాకరిన్, స్టీవియా. పేగులో పులిసే రకం కావివి. సుక్రలోజ్ చక్కెర కంటే సుమారు 600 రెట్లు తియ్యన, కాబట్టి పడేది చిటికెలో చిటికె. అయితే చిటికెలో చిటికెను డబ్బాలో పెట్టి అమ్మితే కొనేవాడికి తృప్తి ఉండదు. అందుకని కొన్నింట్లో లాక్టోజ్ కలుపుతారు, స్టీవియా అని రాసినవాటిలో చాలావరకు ఎరిత్రిటాల్ ఉంటుంది. అది తన చుట్టాల కంటే నయమే, చాలావరకు చిన్నపేగులోనే ఇంకిపోతుంది. అయినా మా ఇన్‌స్పెక్టర్ గారికి ఆ ఇంటిపేరంటేనే పడదు.

వీటి పుట్టుక కూడా చెప్పాలి. 1879లో ఫాల్‌బర్గ్ అనే ఆయన ల్యాబ్ నుంచి చేతులు సరిగా కడుక్కోకుండా వచ్చి రొట్టె తిన్నాడు, శాకరిన్ దొరికింది. 1965లో ష్లాటర్ కాగితం తీయడానికి వేలు నాక్కున్నాడు, ఆస్పర్టేమ్ దొరికింది. 1976లో లండన్‌లో శశికాంత్ ఫడ్నిస్‌ను ఒక రసాయనాన్ని టెస్ట్ చేయమంటే టేస్ట్ చేయమన్నారనుకుని నోట్లో వేసుకున్నాడు, సుక్రలోజ్ దొరికింది. చేతులు కడుక్కోనివాళ్లు కనిపెట్టినవాటి కోసం వెతుకుతూ నేను రోజుకు ఎనిమిదిసార్లు చేతులు కడుక్కుంటున్నాను. బరువు తగ్గడానికి వీటిని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. బరువు నా బాధ కాదు కాబట్టి అది చదివి పక్కన పెట్టాను.

ఇంతకీ ఇన్‌స్పెక్టర్ గారు సెల్యూట్ కొట్టి వదిలేసింది ఎవరినో తెలుసా? లోకమంతా తిట్టే మామూలు చక్కెరను. అందులో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ చెరిసగం. గ్లూకోజ్ పక్కన ఉంటే ఫ్రక్టోజ్ దాని వెంటే బుద్ధిగా ఇంకిపోతుంది. తేనెలో ఫ్రక్టోజ్‌ది పైచేయి, అందుకే "పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లలో తేనె" అనే మహా సలహా నాకు పొద్దున్నే దెబ్బ కొట్టింది. మేడారం నుంచి పక్కింటివాళ్లు తెచ్చిచ్చిన బంగారం, అదే బెల్లం, ఎక్కువ భాగం చక్కెరే కదా, చిన్న ముక్క తింటే ఏ గొడవా లేదు. షుగర్ ఉన్నవాళ్ల లెక్క వేరు, మా మామగారిని చూస్తున్నాను. నాకైతే ఐసోలేట్ పొడి ఒక చెంచా, నీళ్లు, సగం చెంచా పంచదార. రుచి తడిసిన సుద్దముక్కలా ఉంటుంది. ఎనిమిది నెలలుగా కేసు నమోదు కాలేదు.

ఇది విని బామ్మర్ది చాలా బాధపడ్డాడు. "చక్కెరనా బావా! విషం!" అని పోయిన ఆదివారం కొత్త డబ్బా తెచ్చాడు. ముందు వైపు "పేగు మిత్ర" అన్నంత ధీమాగా రాసి ఉంది. తిప్పి చూశాను. చికోరీ వేరు ఫైబర్, అంటే ఇనులిన్. ఉల్లిగడ్డ, ఎల్లిపాయలో ఉన్న, పేగులో పులిసే ఫ్రక్టాన్ జాతే. దాని పక్కన 965. నేను తాగనన్నాను. "నాకేమైతది, నేను తాగుత చూడుండ్రి" అని పెద్ద గ్లాసులో రెండు స్కూపులు వేసుకుని గటగటా తాగి, కరీంనగర్ బస్సెక్కాడు.

గంటన్నర కాలేదు, ఫోన్.

"బావా, హుజూరాబాద్ బస్టాండ్ల బస్సు ఎంతసేపు ఆగుతది?"

"ఐదు నిమిషాలు" అన్నాను. "చిల్లర ఉన్నదా?"

అప్పటికే ఫోన్ కట్ అయింది.